నీళ్ళకి రంగొచ్చింది

2023 మే నెలలో మా హాల్లో అక్వేరియం నీళ్ళు ఆకుపచ్చగా మారాయి. మొదటి రెండు మూడు రోజులు లైటు వల్ల అలా కనిపిస్తోందేమో అనుకున్నాను. వారం తిరిగేసరికి టాంకు వెనక అతికించిన నీలం కాగితం కనబడటం మానేసింది. పదో రోజుకి చేపలే కనబడలేదు. అప్పుడప్పుడూ అద్దం దగ్గరికి ఒక నారింజరంగు మూతి వచ్చేది, మళ్ళీ ఆ పచ్చదనంలోకి వెళ్ళిపోయేది. ఇంటికొచ్చినవాళ్ళంతా "అయ్యో, నీళ్ళు మార్చట్లేదా?" అనేవారు. ప్రతి ఆదివారం బకెట్లతో మూడోవంతు నీళ్ళు మారుస్తున్న నాకు ఒళ్ళు మండేది.

మా నాన్న మాత్రం టాంకు ముందు కుర్చీ వేసుకుని కూచుని, "నీళ్ళకి రంగొచ్చిందమ్మాయ్," అన్నాడు సంతోషంగా.

ఆ సంతోషం అర్థం కావాలంటే మా నాన్నేం చేసేవాడో చెప్పాలి. కైకలూరు వైపు ముప్ఫై ఏళ్ళు చేపల చెరువులు చేశాడు. సొంతం ఆరెకరాలు, లీజుకి తీసుకున్నవి ఇంకో పది. చెరువు చేసేవాడికి తేటనీళ్ళంటే దిగులు. నీళ్ళు తేటగా ఉన్నాయంటే అందులో చేపకి తినడానికేమీ లేదని అర్థం. అందుకని చెరువుకి నీళ్ళు పెట్టగానే పేడ, యూరియా, సూపర్ ఫాస్ఫేట్ వేసి ఎదురుచూస్తారు. నీళ్ళలో కంటికి ఆనని నాచుకణాలు పుట్టి, ఒకటి రెండై రెండు నాలుగై, నీళ్ళు లేతపచ్చగా తిరుగుతాయి. ఆ నాచుని తిని నీటిపురుగులు పెరుగుతాయి, ఆ పురుగుల్ని తిని బొచ్చెచేప పెరుగుతుంది. దాన్నే 'రంగు రావడం' అంటారు. రంగొచ్చాకే పిల్లని వదులుతారు.

రంగు మరీ చిక్కబడినా ప్రమాదమే. రాత్రిపూట ఆ నాచు కూడా ఊపిరి తీసుకుంటుంది కాబట్టి తెల్లారేసరికి నీళ్ళలో ఆక్సిజన్ అయిపోయి చేపలు పైకి తేలతాయి. చిక్కదనం కొలవడానికి నాన్న దగ్గరున్న పరికరం ఆయన చెయ్యి. నీళ్ళలో మోచేతి దాకా ముంచుతాడు. అరచెయ్యి మసగ్గా కనబడితే సరిగ్గా ఉన్నట్టు. అస్సలు కనబడకపోతే ఎరువు ఆపాలి, మేత తగ్గించాలి. గీతలతో సహా కనబడితే చెరువు ఆకలిగా ఉన్నట్టు. చిన్నప్పుడు నేనూ ఆయన పక్కన గట్టు మీద బోర్లాపడుకుని చెయ్యి ముంచేదాన్ని. నా మోచెయ్యి చిన్నది కదా, నాకెప్పుడూ కనబడేది. "నీ చెరువెప్పుడూ ఆకలిగానే ఉంటుందే," అని నవ్వేవాడు.

అలాంటి మనిషి 2023 ఫిబ్రవరిలో మియాపూర్లో మా ఫ్లాటుకి వచ్చేశాడు. అంతకు ముందు ఏడాది అమ్మ పోయింది. చెరువులు లీజుకిచ్చేసి, ఒక సూట్‌కేసూ ఒక గోనెసంచీ పట్టుకుని వచ్చాడు. కూతురింట్లో ఉండటం ఆయనకి నామోషీగా ఉండేది. పైకి ఎప్పుడూ అనలేదు గానీ, పొద్దున్నే ఐదింటికి లేచి పాలప్యాకెట్లు తీసి లోపల పెట్టేవాడు, మా చెప్పులు వరసలో సర్దేవాడు, ఆరేసిన బట్టలన్నీ మడతపెట్టేవాడు. "నాకేదైనా పని చెప్పమ్మా," అని రోజుకోసారి అడిగేవాడు. మేమిద్దరం పొద్దున తొమ్మిదికి వెళ్తే రాత్రి ఎనిమిదికి వచ్చేవాళ్ళం. ఐదో అంతస్తు ఫ్లాటులో ఏం పని చెప్తాం?

ఆఖరికి ఒకరోజు, "నాన్నా, చేపలకి మేత నువ్వెయ్యి," అన్నాను. ఆ రోజు నుంచి పని అడగడం మానేశాడు.

టాంకు పెద్దదేం కాదు. మూడడుగుల పొడవు, 110 లీటర్లు, నాలుగు గోల్డ్‌ఫిష్‌లు. మొదటిరోజే నాన్న వాటిని తేరిపార చూసి, "ఇది మన బంగారుతీగ జాతేనే," అన్నాడు. నేను నవ్వాను గానీ తర్వాత చూస్తే నిజమే. గోల్డ్‌ఫిష్, బంగారుతీగ, బొచ్చె, శీలావతి అన్నీ ఒకే కుటుంబం, కార్పులు. "మరి కిలో అవుతుందా?" అని కూడా అడిగాడు. మా ఆయన చాలా మర్యాదగా, "వీటిని తినరు మావయ్యగారూ," అన్నాడు. "తినకపోతే పోయె, పెరగాలి కదా," అన్నాడు నాన్న.

గోల్డ్‌ఫిష్‌కి మన లాంటి పొట్ట ఉండదు. పేగే ఉంటుంది. తిన్నది నిలవుంచుకునే సంచి లేదు కాబట్టి ఎప్పుడు చూసినా ఆకలిగా ఉన్నట్టే ఉంటుంది. మనిషి నీడ పడితే చాలు, అద్దం దగ్గరికి నాలుగూ పరిగెత్తుకొచ్చి మూతులు తెరుస్తాయి. వాటి మొహం చూసి మేత వేస్తే ఇక అంతే. అందుకే నాన్నకి చెప్పాను, పొద్దున ఒక చిటికెడు, సాయంత్రం ఒక చిటికెడు, రెండు నిమిషాల్లో తినేంత. ముప్ఫై ఏళ్ళు టన్నుల లెక్కన తవుడూ చెక్కా వేసినవాడు నా చిటికెడు పాఠం తలూపుతూ విన్నాడు.

మేలో నీళ్ళు పచ్చబడ్డాయి.

పచ్చనీళ్ళకి రెండే కారణాలు ఉంటాయి. వెలుతురు ఎక్కువవడం, ఎరువు ఎక్కువవడం. అక్వేరియంలో ఎరువంటే ఎవరూ పనిగట్టుకుని వేసేది కాదు. తినకుండా మిగిలిన మేత, చేపల మలమూత్రాలు కుళ్ళి అమ్మోనియా అవుతాయి. ఫిల్టర్లో ఉండే బ్యాక్టీరియా ఆ అమ్మోనియాని నైట్రైటుగా, తర్వాత నైట్రేటుగా మారుస్తుంది. అటుపక్క ఫాస్ఫేటు పేరుకుంటుంది. నైట్రేటు, ఫాస్ఫేటు అంటే నాన్న చెరువులో వేసే యూరియా, సూపర్ ఫాస్ఫేట్ చేసే పనే చేస్తాయి.

ఇంత తెలిసినా నేను వెలుతురునే పట్టుకున్నాను. మా హాలు బాల్కనీ పడమటి వైపు. మే నెల, సాయంత్రం ఎండ సరిగ్గా టాంకు మీద పడుతోంది. నేరం ఎండ మీద వేయడం తేలిక. మందపాటి కర్టెన్లు కొన్నాను. తగ్గలేదు. టాంకు చుట్టూ దుప్పటి కప్పి మూడు రోజులు లైటు ఆపేశాను. "చేపల్ని చీకట్లో పెట్టావేంటే?" అని నాన్న ఆ దుప్పటి చుట్టూ తిరిగాడు. దుప్పటి తీసేసరికి నీళ్ళు కాస్త తేటపడ్డాయి. ఎనిమిది రోజులకి మళ్ళీ అదే పచ్చ.

అప్పుడు అక్వేరియం షాపు కుర్రాడు, "అక్కా, ఇవన్నీ ఎందుకు, యూవీ పెట్టెయ్యండి. నాలుగు రోజుల్లో అద్దంలా అవుతాయి," అన్నాడు. 9 వాట్ల యూవీ స్టెరిలైజర్. 2,400 రూపాయలు. కొనేశాను.

అరచెయ్యంత పొడుగు నల్ల డబ్బా అది. లోపల సన్నటి పాదరసం దీపం, దాని మీద క్వార్ట్జ్ గొట్టం. మామూలు గాజైతే ఆ కిరణాల్ని అక్కడే ఆపేస్తుంది, అందుకని క్వార్ట్జ్. దీపం నుంచి 254 నానోమీటర్ల దగ్గర అతినీలలోహిత కిరణాలు వస్తాయి. డబ్బా సందుల్లోంచి మనకి కనిపించే నీలం వెలుగు అసలు పనిచేసేది కాదు, పనిచేసేది కంటికి కనబడదు. నేరుగా చూస్తే కళ్ళు దెబ్బతింటాయి కాబట్టి నల్ల డబ్బాలో పెడతారు. చిన్న పంపు టాంకు నీళ్ళని ఆ దీపం పక్కనుంచి తోస్తూ ఉంటుంది. ఆ కాసేపట్లో నాచుకణం డీఎన్ఏలో పక్కపక్కనున్న థైమిన్లు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. కణం అక్కడికక్కడే చచ్చిపోనక్కర్లేదు, రెండుగా చీలే శక్తి పోతే చాలు. ఉన్నవి పోతాయి, కొత్తవి పుట్టవు.

ఈ ఆలోచన చాలా పాతది. 1877లో ఇంగ్లండులో డౌన్స్, బ్లంట్ అనే ఇద్దరు పోషకద్రవం నింపిన గాజుగొట్టాల్ని కొన్ని ఎండలో, కొన్ని చీకట్లో పెట్టి చూశారు. చీకట్లోవి సూక్ష్మజీవులు పెరిగి మబ్బుపట్టాయి, ఎండలోవి తేటగా ఉండిపోయాయి. 1910లో ఫ్రాన్స్‌లోని మార్సేయ్ నగరంలో తాగునీటిని ఈ కిరణాలతో శుద్ధిచేసి చూశారు. ఇప్పుడు మన వంటింట్లో గోడకి తగిలించుకునే యూవీ వాటర్ ఫిల్టర్లలోనూ ఇదే దీపం. నాన్నకి అలాగే చెప్పాను, మనం తాగే నీళ్ళకి ఉన్నలాంటిదే చేపలకీ పెడుతున్నానని.

"ఏం చేస్తుందది?" అన్నాడు.

"నీళ్ళలో పచ్చదనాన్ని చంపేస్తుంది."

"ఎందుకు చంపడం?"

నాకు సమాధానం తోచలేదు. "చేపలు కనబడాలి కదా నాన్నా," అన్నాను.

కుర్రాడు చెప్పినట్టే నాలుగో రోజుకి నీళ్ళు అద్దంలా అయ్యాయి. అంతకన్నా తేటగా అయ్యాయనాలి. అడుగున గులకరాళ్ళు ఒక్కోటీ లెక్కపెట్టొచ్చు. ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టాను. నాన్న ఆ సాయంత్రం చొక్కా చెయ్యి పైకి మడిచి, టాంకులో మోచేతి దాకా ముంచి, అరచేతిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఏమీ అనలేదు. టవల్‌తో చెయ్యి తుడుచుకున్నాడు.

తేటనీళ్ళు ఆయనకి ఏమని అర్థమవుతాయో నాకు తెలుసు. తెలిసీ ఆ రోజు ఆలోచించలేదు.

యూవీ దీపానికి ఒక హద్దుంది. తన ముందునుంచి పారే నీటిలో ఏది తేలుతుంటే దాన్నే పట్టుకుంటుంది. అద్దానికి అంటుకున్న నాచుని ఏమీ చెయ్యదు, రాళ్ళ మీద పాకినదాన్ని ఏమీ చెయ్యదు. ఫిల్టర్ స్పాంజిని అంటిపెట్టుకున్న మంచి బ్యాక్టీరియా జోలికి కూడా పోదు, అందుకే దాన్ని భయం లేకుండా వాడతారు. అన్నిటికన్నా ముఖ్యం, నీళ్ళలో కరిగున్న నైట్రేటునీ ఫాస్ఫేటునీ వేలేసి కూడా ముట్టుకోదు. ఎరువు ఎరువులాగే ఉంటుంది. తేలే నాచు బతికున్నన్నాళ్ళూ అమ్మోనియాని తానూ కొంత తినేది. దాన్ని చంపేస్తే ఆ తినే నోరు పోయింది, పైగా చచ్చిన నాచు కుళ్ళి మళ్ళీ అమ్మోనియా అయింది. నీళ్ళు తేటగానే ఉంటాయి. తేటగా ఉన్నాయి కాబట్టి శుభ్రంగా ఉన్నాయనుకుంటాం.

జులై నుంచి అద్దాల మీద నాచు పాకడం ఎక్కువైంది. పాత ఏటీఎం కార్డుతో గీకేదాన్ని. ఫిల్టర్ స్పాంజి నెలకోసారి కడిగితే సరిపోయేది, వారానికి రెండుసార్లు కడగాల్సి వచ్చింది. పిండితే చిక్కటి కాఫీలాగా కారేది. చేపలు పెరుగుతున్నాయి కదా, ఎక్కువ తింటాయిలే అనుకున్నాను. మేత డబ్బా అయిపోతే ఫోనులో ఆర్డర్ పెట్టేదాన్ని, పెట్టింది గుర్తుండేది కాదు.

ఆ ఆరు నెలల్లో ఇంట్లో ఇంకొన్ని జరిగాయి. నాన్న టీ పెట్టుకుని స్టవ్ ఆపడం మర్చిపోయాడు, రెండుసార్లు. దానంతటదే ఆరిపోయే టైమర్ నాబ్ కొన్నాను. కింద పార్కుకి వెళ్ళి పక్క బ్లాకులో ఐదో అంతస్తుకి ఎక్కి, వేరేవాళ్ళ తలుపు తాళంతో తియ్యబోయాడు. అన్ని బ్లాకులూ ఒక్కలాగే ఉంటాయి కదా, ఎవరికైనా జరుగుతుంది అనుకుని మా తలుపుకి పెద్ద గణపతి స్టిక్కర్ అంటించి, ఆయన ఫోన్లో లొకేషన్ ఆన్ చేశాను. అమ్మ సంవత్సరీకం ఎప్పుడని ఒకే రోజు నాలుగుసార్లు అడిగాడు. క్యాలెండర్లో ఎర్ర పెన్నుతో చుట్టేసి పెట్టాను. ఏ సమస్య వస్తే దానికి సరిపోయే వస్తువొకటి కొని, అది కనబడకుండా చేసి, మళ్ళీ ఆఫీసుకి పోయాను. చాలా బాగా చూసుకుంటున్నానని మా బంధువుల్లో పేరు కూడా వచ్చింది.

డిసెంబరులో ఒక ఆదివారం తెల్లవారుజామున నాన్న నన్ను నిద్రలేపాడు. "అమ్మాయ్, చేపలు తేలినయ్యి, రా," అన్నాడు. ఆ గొంతు నేను పదేళ్ళ వయసులో విన్నది. అలా పిలిచాడంటే టార్చి పట్టుకుని గట్టు మీదకి పరిగెత్తాలి, ఇంజన్ వేసి నీళ్ళు కొట్టాలి.

హాల్లోకి వెళ్ళి చూస్తే నాలుగు చేపలూ నీటి పైభాగాన మూతులు పెట్టి గుటకలేస్తున్నాయి. మొప్పలు ఎర్రగా కమిలిపోయినట్టున్నాయి. నీళ్ళు మాత్రం ఎప్పటిలాగే తేటగా, నీలం వెలుగులో మెరుస్తున్నాయి. "మేత ఆపెయ్యాల," అన్నాడు నాన్న. "మబ్బు పట్టినప్పుడు, చేప తేలినప్పుడు గింజ మేత కూడా వెయ్యకూడదు. నీళ్ళు మార్చు. గాలి పెట్టు." ఒక్కమాట పొల్లు లేదు. నేను బకెట్ కోసం బాత్రూములోకి వెళ్ళి వచ్చేసరికి, డబ్బా మూత తీసి నిండుగా ఒక చిటికెడు నీళ్ళ మీద చల్లుతున్నాడు.

"నాన్నా!" అన్నాను.

ఉలిక్కిపడి నా వైపు చూశాడు. "పొద్దున్నుంచీ ఏమీ వెయ్యలేదమ్మా వీటికి," అన్నాడు.

ఆ రోజు టెస్ట్ కిట్ తీశాను. ఏడాదిగా అట్టపెట్టెలో పడుంది, నీళ్ళు అంత తేటగా ఉంటే పరీక్ష ఎందుకని. అమ్మోనియా గొట్టం పసుపు రంగులో ఉండాల్సింది ముదురాకుపచ్చగా తిరిగింది. నైట్రేటు గొట్టం రక్తంలా అయింది. మా బోరునీళ్ళ పీహెచ్ 8 దాకా ఉంటుంది, అలాంటి నీళ్ళలో అమ్మోనియా విషం ఇంకా ఎక్కువ. మధ్యాహ్నానికి ఒకటి పోయింది, రాత్రికి ఇంకొకటి.

సోమవారం ఇంటినుంచే పనిచేస్తానని చెప్పి డైనింగ్ టేబుల్ దగ్గర లాప్‌టాప్ పెట్టుకుని కూచున్నాను. మేత డబ్బాలో మేత తీసేసి, ముందురోజు రాత్రే గోధుమరవ్వ గింజలు పది వేసి ఉంచాను. ఆరుంపావుకి నాన్న వచ్చాడు. మూత తీశాడు, ఒక గింజ తీసి వేశాడు, మూత పెట్టాడు, భుజం మీది టవల్‌తో వేళ్ళు తుడుచుకున్నాడు. ఏడింటికి మళ్ళీ వచ్చాడు. చేపలు మూతులు తెరిచాయి. "ఆకలేస్తోందిరా," అన్నాడు. మూత, చిటికెడు, మూత, టవల్. ఏడూ నలభైకి మళ్ళీ. ప్రతిసారీ అదే మొదటిసారి. పదకొండింటికి ఏడుసార్లయింది. ఎక్కడా తొందర లేదు, నిర్లక్ష్యం లేదు. ప్రతిసారీ అంతే శ్రద్ధగా వేశాడు. నేను లాప్‌టాప్ వెనక తలదించుకుని కూచున్నాను.

జనవరిలో న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్ళాం. మూడు మాటలు చెప్పి, ఐదు నిమిషాల తర్వాత అడిగాడాయన. నాన్న ఒక్కటీ చెప్పలేదు. అదే మనిషి కొల్లేటి చేపల గురించి అడిగితే పావుగంట ఆపకుండా మాట్లాడాడు. బీ12, థైరాయిడ్ పరీక్షలు చేయించారు, వాటి లోపం వల్ల వచ్చే మరుపైతే సరిచెయ్యొచ్చని. అవి బాగానే ఉన్నాయి. ఎమ్మారై తీశారు. తర్వాత నన్ను విడిగా కూచోబెట్టి అల్జైమర్స్ అన్నాడు డాక్టరు. "మొదట ఎప్పుడు గమనించారు?" అని అడిగాడు.

"డిసెంబర్," అన్నాను.

ఇంటికొచ్చి ఫోన్లో ఆర్డర్లు తీశాను. 100 గ్రాముల మేత డబ్బా. ఫిబ్రవరిలో కొన్నది ఏప్రిల్ దాకా వచ్చింది. ఏప్రిల్‌ది మూడు వారాలు. మేలో రెండు డబ్బాలు. తర్వాత నెలకి మూడు. తేదీలన్నీ వరసగా అక్కడే ఉన్నాయి. నీళ్ళకి రంగొచ్చింది మేలో. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే ఇంక ఏ పరీక్షా అక్కర్లేదు. ఆ టాంకు మా ఇంట్లో అందరికన్నా ముందు చెప్పింది, డాక్టరుకన్నా ఏడెనిమిది నెలల ముందు. నేను 2,400 పెట్టి దాని నోరు మూయించాను.

అప్పుడే తెలిసినా వైద్యంలో పెద్ద తేడా ఉండేది కాదని డాక్టరన్నాడు. మందులు లక్షణాల్ని కొంతకాలం నెమ్మదింపజేస్తాయి, జబ్బుని వెనక్కి తిప్పవు. ఆ మాటతో నేను కొన్నాళ్ళు బాగానే సర్దిచెప్పుకున్నాను.

తర్వాత ఒకరోజు ఆయన గోనెసంచీ సర్దుతుంటే చిన్న డైరీ దొరికింది. చెరువుల రోజుల్లో మేతబస్తాల లెక్క రాసుకునేలాంటిది. మార్చి నుంచి రోజూ ఒక గీత: 'పొద్దున మేత, సాయంత్రం మేత'. గుండ్రటి అక్షరాలు. జూన్ దాకా ఒక్కరోజు తప్పలేదు. జులైలో కొన్ని చోట్ల కొట్టివేతలు. ఆగస్టులో ఒకచోట 'వేశానా?' అని ఉంది. రెండు పేజీల తర్వాత మళ్ళీ, 'వేశానా?' సెప్టెంబరు సగం దగ్గర ఆగిపోయింది. తర్వాత అంతా ఖాళీ.

అంటే ఆయనకి తెలుసు. కనీసం ఆగస్టుకి తెలుసు. కూతురింట్లో తనకిచ్చిన ఒక్క పనీ సరిగ్గా చెయ్యలేకపోతున్నానని ఎవరికీ చెప్పుకోలేక, డైరీని అడిగాడు. అదే నెలలో నేను పక్కనే నిలబడి పాత ఏటీఎం కార్డుతో అద్దం గీకుతూ ఉండుంటాను. మందులు మారేవి కాకపోవచ్చు. ఆ ప్రశ్నైనా నన్ను అడిగుండేవాడు.

అందులో ఎంత మరుపో ఎంత అలవాటో కూడా నేను విడదీయలేను. తేటనీళ్ళు చూస్తే ఆయన చేతికి చెరువు ఆకలిగా ఉందనే తెలుస్తుంది. దీపం పెట్టి నీళ్ళని తేట చేసింది నేను. ఆకలిగా కనిపించే నీళ్ళ ముందు, ఎప్పుడూ ఆకలిగా కనిపించే చేపల ముందు, వేసింది గుర్తులేని మనిషిని రోజంతా కూచోబెట్టాను.

మేత పని ఆయన దగ్గర్నుంచి తీసేద్దామా అని ఇంట్లో మాట వచ్చింది. ఆటోమేటిక్ ఫీడర్లు దొరుకుతాయి, టైమర్ పెడితే అదే వేస్తుంది. మా ఆయన కార్టులో కూడా పెట్టాడు. నేనే వద్దన్నాను. ఇంకో పరికరం కొనబుద్ధి కాలేదు.

మందుబిళ్ళలు వారానికి సరిపడా సర్దుకునే ప్లాస్టిక్ పెట్టెలుంటాయి కదా, పొద్దున, రాత్రి గళ్ళు వేరువేరుగా. ఆయన మందులకి ఒకటి తెచ్చాం. ఇంకొకటి కూడా తెచ్చాను. ప్రతి ఆదివారం రాత్రి ఇద్దరం కూచుని పద్నాలుగు గళ్ళలో పద్నాలుగు చిటికెళ్ళు సర్దుతాం. కొలత ఆయనదే. గడి ఖాళీగా ఉంటే మేత వేసేసినట్టు. మేత డబ్బా బీరువాలో ఉంటుంది. మొదట్లో ఒకటి రెండుసార్లు మర్నాటి గడి కూడా తీసేశాడు. అయినా నష్టం లేదు, చేపకి ఒకరోజు పస్తు మంచిదే. టాంకు అంచున నాలుగు మనీప్లాంట్ కొమ్మలు వేళ్ళు నీళ్ళలోకి దిగేలా వేలాడదీశాను, నైట్రేటు అవి తాగుతాయని.

యూవీ దీపం తీసేశాను. అది చెడ్డదని కాదు. ఎరువు సంగతి చూసుకున్నాక కూడా వదలని పచ్చనీళ్ళకి అంత బాగా పనిచేసేది ఇంకోటి లేదు. వాడేవాళ్ళు మాత్రం రెండు గుర్తుపెట్టుకోండి. ఏడాదికోసారి బల్బు మార్చాలి, నీలంగా వెలుగుతున్నా లోపలి కిరణాలు అప్పటికి నీరసపడతాయి. క్వార్ట్జ్ గొట్టం మీద పేరుకునే జిగురుని తుడుస్తుండాలి. కానీ దీపం వెయ్యడానికి ముందు ఒక వారం ఆగి, ఈ రంగు ఎక్కణ్ణుంచి వస్తోందని ఇంట్లోవాళ్ళనొకసారి చూడండి.

మిగిలిన రెండు చేపలూ బాగానే ఉన్నాయి. నీళ్ళు తేటగా ఉండవు, పల్చటి లేతపచ్చ. వెనక నీలం కాగితం కనబడుతుంది గానీ కొంచెం మసగ్గా. రంగు ఎప్పుడైనా చిక్కబడుతున్నట్టు అనిపిస్తే ముందు వెళ్ళి పెట్టెలో గళ్ళు చూస్తాను.

నాన్న నా పేరు ఇప్పుడు అప్పుడప్పుడూ తడుముకుంటున్నాడు. ఒక్కోరోజు అమ్మ పేరుతో పిలుస్తాడు, పలుకుతాను. మొన్న ఆదివారం పెట్టె సర్దడం అయ్యాక, లేచి చొక్కా చెయ్యి మడిచి టాంకులో మోచేతి దాకా ముంచాడు. చేపలు రెండూ వచ్చి వేళ్ళ చుట్టూ తిరిగాయి. నేనూ పక్కన నిలబడి నా చెయ్యి ముంచాను.

"కనబడుతోందా?" అన్నాడు.

"మసగ్గా," అన్నాను.

"సరిగ్గా ఉన్నట్టే," అని చెయ్యి తీసి టవల్‌తో తుడుచుకుంటూ, "ఇవాళ ఇంకేం వెయ్యకు," అన్నాడు.